నాపబండ మీద రుద్దిన హెడ్డు

బండి నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీద ఉండాలి. ఆ వానాకాలమంతా నా కళ్లు మాత్రం ఇంజన్ వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి. బషీరాబాద్ వైపు ఊళ్లలో పిల్లల్ని ఎక్కించుకుని తాండూరు బడికి చేర్చడం, సాయంత్రం మళ్లీ దింపడం నా పని. గుంతలొచ్చినా, గేదెలు అడ్డం తిరిగినా, కంది చేల మీదుగా చల్లగాలి వచ్చినా నాకు పట్టేది కాదు. ముల్లు సగం దాటిందా లేదా, అదొక్కటే ధ్యాస. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ కూడా మధ్యలో లేచేదాన్ని, రేడియేటర్‌లో నీళ్లు ఎంతవరకు దిగాయో చూద్దామని. మా ఆయన నవ్వేవాడు.

"ముందుగాల అన్నం తిను. బండి యాడికి పోదు" అనేవాడు.

నా బాధ కూడా అదే. రేపు పొద్దున అది ఎక్కడికీ పోదేమోనని.

అంతకుముందు, బడులకు ఎండాకాలం సెలవులిచ్చే ముందు, ఒంటిపూట బడుల రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం, వ్యాను రేడియేటర్ పైపు పగిలి ఇంజన్ కాగిపోయింది. పిల్లల్ని దింపి వస్తున్నాను కాబట్టి సరిపోయింది. ఆ వేడికి ఇంజన్ పైభాగం, మేము హెడ్డు అంటాం, వంగిపోయింది. సరిగ్గా అదే నెలలో మా తమ్ముడు పట్నం నుంచి తిరిగొచ్చాడు. పెళ్లికి ముందు నుంచీ హైదరాబాద్‌లో ఒకరి గ్యారేజీ కాకపోతే ఇంకొకరి గ్యారేజీలో పనిచేసినవాడు. ఇక ఒకరి కింద చెయ్యనని పెళ్లాంపిల్లలతో వచ్చేసి, తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లుండే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేశాడు. చుట్టాలు ఊరుకుంటారా? "పట్నంల బతకలేక వచ్చిండు" అన్నారు. నా ముందే అన్నారు. వాడు పంక్చర్లు, బ్రేకులు, ఆయిల్ మార్చడాలతో మొదలుపెట్టాడు. ఇంజన్ విప్పే మొదటి పని నా వ్యానే. అది నిలబడితే షెడ్డు నిలబడుతుంది. అది పాడైతే, అక్క బండినే పాడుచేశాడన్న పేరొక్కటి చాలు, ఇంకెవడూ ఆ గేటు తొక్కడు. ఈ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, ఊరికీ తెలుసు.

వంగిన హెడ్డును మిషన్ మీద పెట్టి చదును చేయించాలి. అందుకు వికారాబాద్ పోవాలి, లేదంటే పట్నం. తమ్ముడికి అది నచ్చలేదు. షెడ్డు తెరిచిన మొదటి పనికే సామాను మోసుకుని వేరేవాళ్ల దగ్గరికి పోవడం వాడికి నామోషీ.

"గంత దూరం ఎందుకక్కా? మా ఉస్తాద్ మందం అద్దం మీద ఎమరీ కాయితం పరిచి రుద్దెటోడు. మస్తు హెడ్లు గట్లనే చేసినం. మనకు అద్దం కూడ ఎందుకు? బావ తాన బండలకు తక్కువనా?"

తాండూరులో ఈ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. మా ఇంటి నేల నాపరాయి, గోడకు అరలు నాపరాయి, గడపలు, మెట్లు, బట్టలుతికేది, రొట్టెలు చేసుకునేది, పశువుల కుడితితొట్టి చుట్టూ నిలబెట్టింది, అంతా నాపరాయే. ఏది చదునుగా కావాలన్నా మాకు మొదట గుర్తొచ్చేది బండే. మా ఆయన పాలిషింగ్ యూనిట్‌లో మిషన్ మీద పనిచేస్తాడు. బామ్మర్ది అడిగాడనేసరికి ఆయనకు పూనకం వచ్చింది. మందంగా ఉన్న బండను ఏరి, అందరికీ వేసేదానికన్నా ఎక్కువ పాలిష్ వేశాడు. పని అయిపోయాక కూడా నిలబడి, మిషన్‌ను దాని మీద తిప్పుతూనే ఉన్నాడట. ట్రాలీ ఆటోలో తెచ్చి దించి, తమ్ముడి మెడ పట్టి వంచి చూపించాడు.

"చూస్కో బామ్మర్ది. మీసం దువ్వుకోవచ్చు. దీనికన్న చదును యాడ దొరుకుతది నీకు?"

నిజంగానే రేకుల సందులోంచి వచ్చే వెలుతురు, మా ముగ్గురి మొహాలు అందులో కనిపించాయి. తమ్ముడు బండను ఇటుకల మీద నిలకడగా కూర్చోబెట్టి, గరుకు ఎమరీ కాయితం అంటించి, డీజిల్ చల్లుకుంటూ హెడ్డును గుండ్రంగా, నిదానంగా రుద్దాడు. ఆ తర్వాత కాయితం తీసేసి, బట్టలకు పెట్టే నీలం నూనెలో కలిపి బండకు పల్చగా పూసి, హెడ్డును దాని మీద బోర్లించి, కొద్దిగా కదిపి ఎత్తాడు. బండకు ఆనని చోట నీలం అంటదట. అడుగంతా అంటుకుంది.

"చూసినవా అక్కా? ఒక్క తావు కూడ ఖాళీ లేదు."

మాకు అంతకన్నా ఏం కావాలి? గ్యాస్కెట్ వేసి హెడ్డు బిగించాడు. గ్యాస్కెట్ అంటే హెడ్డుకూ కింది ఇంజన్‌కూ మధ్య వేసే పల్చటి రేకు. బిర్యానీ గిన్నెకు మూత చుట్టూ పిండి పూస్తామే, అట్లాంటిది. లోపల మండే మంట, పారే నీళ్లు, తిరిగే ఆయిల్ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపుతుంది. కొబ్బరికాయ కొట్టాం. బండి స్టార్టయింది. తమ్ముడి పెళ్లాం కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం స్వీటు పంచాను, తెలివి తక్కువదాన్ని.

బడులు తెరిచారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒక పొద్దున రేడియేటర్ మూత తీస్తే నీళ్లు కిందికి దిగి ఉన్నాయి. పోశాను. మర్నాడు మళ్లీ దిగాయి. వ్యాను కింద పడుకుని చూశాను, చుక్క కారడం లేదు. పైపులు తడిమాను, పొడిగానే ఉన్నాయి. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నీళ్లు కలిసిన జాడ లేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఎవరిని పట్టుకుని అడగాలి?

తమ్ముడొచ్చి చల్లారిన ఇంజన్ మీద చెయ్యి పెట్టి, నన్ను స్టార్ట్ చెయ్యమన్నాడు. నీళ్లింకా వేడెక్కనేలేదు, పై పైపును పిసికి చూసి మొహం మాడ్చాడు.

"పట్టుకో అక్కా."

పట్టుకున్నాను. పైపు కర్రలా బిగుసుకుపోయి ఉంది. నీళ్లు కాగితే కదా పైపు ఉబ్బాలి, కాగకుండానే ఎట్లా ఉబ్బింది? వాడు ఇంజన్ ఆపించి, పైపు మెత్తబడేదాకా ఆగి, రేడియేటర్ మూత తీసి, అంచుదాకా నీళ్లు నింపి మళ్లీ స్టార్ట్ చెయ్యమన్నాడు. నేను దిగొచ్చి చూశాను. నీళ్లల్లోంచి బుడగలు వస్తున్నాయి. ఒకటి ఆగగానే ఇంకొకటి, ఆగకుండా. ఎక్సలేటర్ ఇస్తే ఎక్కువ. కాలిన డీజిల్ వాసన.

"మంట గాలి నీళ్లల్లకు పోతుంది. హెడ్డు గ్యాస్కెట్ లీకు" అన్నాడు. అంటూ గేటు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

"నకిలీ గ్యాస్కెట్ ఇచ్చినట్టున్నడు దుకాణపోడు" అని తేల్చాడు. నేను నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. ఆదివారం హెడ్డు విప్పి, మంచిదని చూసి కొత్త గ్యాస్కెట్ తెచ్చి వేశాడు. కొన్నాళ్లు నిలిచింది. మళ్లీ మొదలు. ఈసారి బండి నన్ను రోడ్డు మీదే నిలబెట్టింది. ముల్లు ఎర్రగీతకు ఎక్కుతుంటే చేను పక్కన ఆపేశాను. పిల్లలు దిగి గొడవ గొడవ. బడి పెద్దసారుకు ఫోన్ చేస్తే ఇంకో వ్యాను పంపించి, "ఇట్ల ఇంకోసారి అయితే ఎట్లమ్మా?" అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నేనూ గట్టిగా అనేదాన్ని, కాస్త తీరేది.

చేను గలాయన బీడీ ముట్టించుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏమైందమ్మా? హెడ్డు గిట్ల పోయిందా?"

"చేయించి నెలలు కాలే."

"ఎవరు చేసిర్రు?"

తమ్ముడి పేరు చెబితే పొద్దుగూకేలోపు బషీరాబాద్ దాకా పాకుతుంది. "పట్నంల చేయించిన" అన్నాను.

"గందుకే. పట్నపోళ్లు గట్లనే చేస్తరు. తాండూర్ల మీ తమ్ముడు షెడ్డు పెట్టిండంట గద? సొంతోన్ని వదిలిపెట్టి పరాయోని తానికి పోతరా ఎవరన్న?" అని నన్నే తిట్టి పోయాడు. నవ్వాలో ఏడ్వాలో తెలియక, చల్లారేదాకా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

షెడ్డుకు చేరేసరికి నాకు కోపం నషాళానికి అంటి ఉంది. మా ఆయన కూడా పని నుంచి అటే వచ్చాడు. మళ్లీ హెడ్డు విప్పారు. బావా బామ్మర్దులకు మొదలైంది.

"బోల్టులు సక్కగ బిగియ్యలేదు నువ్వు" అన్నాడు మా ఆయన.

"బోల్టుల సంగతి నీకేం ఎరుక బావా? నువ్వు బండలు అరగదీస్కో."

"ఇనుం పని చేసెటోనికి బండ తక్కువైందా? గా బండ లేకుంటే నీ హెడ్డు ఇంక వంకరనే ఉండు."

"నేనేమన్న నీ బండకు వంక పెట్టిన్నా? బోల్టుల గురించి మాట్లాడకు అంటున్న."

"ఇద్దరు నోర్లు మూస్కోండి" అన్నాను. మూశారు. కానీ మా ఆయన అటు తిరిగి, తమ్ముడు ఇటు తిరిగి కూర్చున్నారు. ఈ హెడ్డుతో పుట్టింటికీ అత్తింటికీ మధ్య గోడ లేస్తుందని నాకు అప్పుడు భయం వేసింది.

తమ్ముడు పాత గ్యాస్కెట్టూ కొత్త గ్యాస్కెట్టూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. రెండింటికీ చివరి సిలిండర్ పక్కన, అంచు దగ్గర, మసి నల్లగా దాటిపోయి ఉంది.

"రెండుసార్లు ఒక్కటే తావు" అన్నాడు మెల్లగా. "గ్యాస్కెట్ తప్పైతే ఒకసారి ఈడ, ఒకసారి ఆడ పోవాలె. తప్పు గ్యాస్కెట్‌ది కాదక్కా."

"మరి హెడ్డుదా?"

వాడు బండకు మళ్లీ నీలం పూశాడు. హెడ్డు బోర్లించి ఎత్తాడు. అడుగంతా నీలమే. హెడ్డు చదునుగానే ఉంది. వాడు అట్లాగే కూలబడ్డాడు. మొహం చూస్తే నా కోపం సగం దిగింది. మిగతా సగం ఎవరి మీద చూపించాలో తెలియక చీపురు తీసుకున్నాను. నాకు ఏం తోచకపోతే కడగడం అలవాటు. నేల మీద ఆయిల్, బండ మీద నీలం, అంతా జిడ్డు. సబ్బుపొడి వేసి బండను రుద్ది, బకెట్ నీళ్లు కుమ్మరించాను.

నీళ్లు అంచుల మీద నుంచి కారిపోయాయి. కొన్ని మధ్యలో నిలబడ్డాయి. చీపురుతో నెట్టాను. పోయినట్టే పోయి మళ్లీ మధ్యకే వచ్చాయి.

మా ఊళ్లో ఆడవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. పండగ ముందు ఇల్లు కడిగితే ఒక గదిలో ఒక బండ మీద నీళ్లు నిలబడి ఏడిపిస్తాయి. ఎంత నెట్టినా మోరీకి పోవు, చివరికి గుడ్డతో అద్దాల్సిందే. ఆ బండ కంటికి మిగతావాటిలాగే ఉంటుంది. నీళ్లకు మాత్రం తెలుస్తుంది.

"ఓ తమ్మీ" అని పిలిచాను. "బండ నడుమ గుంత ఉన్నది."

తమ్ముడికన్నా ముందు మా ఆయన లేచాడు. "నా బండలనా? గుంతనా?" మొహం ఎర్రగా అయింది. "ఇటుకలు వంకర పెట్టి బండను అంటవేంది? షెడ్డు నేలనే వాలు ఉన్నది."

"అయితే తిప్పుండ్రి."

ఇద్దరూ కలిసి బండను ఎత్తి, అటు కొస ఇటు వచ్చేలా తిప్పి పెట్టారు. వాలు వల్లే అయితే నీళ్లు ఒక పక్కకు చేరాలి. నేను మళ్లీ నీళ్లు పోశాను. ముగ్గురం వంగి చూశాం. నీళ్లు మళ్లీ మధ్యకే వచ్చి నిలబడ్డాయి.

మా ఆయన జేబులోంచి దారం తీశాడు. బండలు సరిచూసుకునే దారం, ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. తమ్ముడిని ఒక కొస పట్టుకొమ్మని, బండ మీద ఈ మూల నుంచి ఆ మూలకు బిగుతుగా లాగాడు. చెంప బండకు ఆనించి కిందికి చూశాడు. చాలాసేపు లేవలేదు. దారం కింద, మధ్యలో సన్నటి వెలుతురు ఉంది. నేనూ చూశాను. వెంట్రుక దూరే సందు. ఇళ్ల నేలకు అది లెక్కే కాదు. ఇంజన్‌కు అదే ప్రాణం.

"మెరవాలని నడుమ ఎక్కువ తిప్పిన" అన్నాడు మా ఆయన. "నీ షెడ్డుకు అని తిప్పిన రా."

ఆ మాట విన్నాక ఆయన మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందో, అంత చికాకూ వచ్చింది. అందరికీ వేసినంతే వేసి ఉంటే ఈ పీడే లేకపోయేది. మెరుపు చూసి చదును అనుకోవడం తాండూరోళ్లకు తప్ప ఇంకెవరికి వస్తుంది? బండ గుంతగా ఉంటే దాని మీద రుద్దిన హెడ్డు అంచులు ఎక్కువ అరిగి, మధ్యలో పొట్ట వచ్చింది. బిగిస్తే మధ్యలో గట్టిగా కూర్చుని అంచుల దగ్గర వదులుగా ఉండేది. నీలం పెట్టి చూసింది కూడా అదే బండ మీద కాబట్టి, గుంతకు పొట్ట సరిగ్గా అతికి ఎక్కడా ఖాళీ కనిపించలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ముగ్గురం నమ్మాం. మా ఆయన సుత్తి తెచ్చి బండను పగలగొడతానన్నాడు. తమ్ముడు దెబ్బ పడనివ్వలేదు. "సల్లగ ఉంటది, కూసోనీకి పనికొస్తది" అన్నాడు. ఆ మాటతో ఇద్దరూ నవ్వారు, గోడ లేవలేదు.

మర్నాడు బడికి వేరే వ్యాను మాట్లాడి, హెడ్డును బియ్యం సంచిలో మూటగట్టి, నేనూ తమ్ముడూ వికారాబాద్ రైలెక్కాం. బరువుకు సంచి చినుగుతుందేమోనని ఇద్దరం చెరో కొస పట్టుకున్నాం. ఎదురు సీటు ముసలమ్మ కాళ్లు ముడుచుకుని సంచి వైపే చూస్తూ కూర్చుంది.

"లోపలేందమ్మా, మేకపోతా?"

"కాదవ్వా, ఇంజన్ తలకాయ."

"తలకాయనే గింత బరువుంటే మనిషి ఎంతుంటడో" అంది. తమ్ముడు నవ్వలేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దగ్గరికి పోవడం, రావడం, ఫోన్ చూసుకోవడం. దారిలో రైలు ఆగితే నాకు ఒళ్లు మండిపోయింది.

వికారాబాద్‌లో మిషన్ షాపు ఆయన హెడ్డును బల్ల మీద వెల్లకిలా పడేసి, మీద ఉక్కు బద్ద నిలబెట్టి, వెనక నుంచి లైటు వేశాడు. రెండు కొసల దగ్గరా వెలుతురు సన్నగా కనిపించింది.

"నడుమ పొట్ట వచ్చింది. ఎవడు చేసిండు దీన్ని?"

'పట్నంల చేయించినం' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తమ్ముడు అన్నాడు.

"నేనే సార్. బండ మీద రుద్దిన."

ఆయన ఆగి, "బండనా?" అని, నవ్వడం మొదలుపెట్టాడు. లోపల పనిచేసేవాళ్లను పిలిచి మరీ చెప్పాడు. "చూసిర్రా, తాండూరోళ్లు హెడ్డును కూడ బండకు రుద్దిర్రు!" అందరూ నవ్వారు. తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నవ్వుడు అయిపోతే పని చూడుండ్రి. మాకు రైలు టైం అయితది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నవ్వు ఆగింది.

మిషన్ మీద హెడ్డు పైన సన్నటి పొర లేచిపోయింది. ఎక్కువ తీస్తే వాల్వులు పిస్టన్లకు తగులుతాయట, అందుకని మందం కొలిచి, ఇప్పుడు కాస్త మందమైన గ్యాస్కెట్ వెయ్యమని చెప్పాడాయన. ఇంటికి పోయి కింది ఇంజన్ ముఖం కూడా నిజమైన ఉక్కు బద్ద పెట్టి చూసుకొమ్మన్నాడు. అట్లాంటి బద్ద ఒకటి తమ్ముడు అక్కడే కొన్నాడు.

తిరుగు రైలులో నా ప్రాణం కాస్త కుదుటపడింది. వాడిది పడలేదు. కిటికీలోంచి చూస్తూ చూస్తూ అన్నాడు.

"అక్కా, గా బండ మీద ఇంకొకటి రుద్దిన. బొంరాస్‌పేట రైతు ట్రాక్టర్."

"లీక్ అయితుందా?"

"ఇంకా రాలే. దుక్కి అయినంక పని లేక నిలబెట్టిండంట. కందులు కొట్టే టైంల ఇంజన్ మీద జోరు పడుతది. అప్పుడు పోతది."

"అడిగిండా ఆయన?"

"అడగలే."

"అడగనప్పుడు నువ్వెందుకు చెప్పుడు? కొరివితోటి తల గోక్కుంటవా? నా బండి సంగతి ముగ్గురికే ఎరుక. నోరు మూస్కొని కూసో. పోయిననాడు చూస్కోవచ్చు."

మంచి మాటే చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను. అక్కను కదా, వాడి షెడ్డు నిలబడాలనే నాకుంది. వాడు మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ఆ సాయంత్రమే హెడ్డు బిగించాడు. కింది ఇంజన్ ముఖం మీద బద్ద పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు, మూల నుంచి మూలకు చూశాడు, చదునుగానే ఉంది. బోల్టు రంధ్రాల్లో నిలిచిన ఆయిల్‌ను, నీళ్లను గాలి కొట్టి వెళ్లగొట్టాడు, ఇవి ఉంటే బోల్టు బిగిసినట్టు అనిపించి బిగవదట. గ్యాస్కెట్‌ను పొడిగా పరిచి, మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి బయటికి వస్తూ, కొంచెం కొంచెంగా, తిరిగి తిరిగి బిగించాడు. మా ఆయన దూరంగా నిలబడి, బోల్టుల గురించి ఒక్క మాట అనకుండా చూశాడు. రేడియేటర్ నింపి స్టార్ట్ చేశాను. నీళ్లు కదిలాయి, కాసేపు లోపలి గాలి బయటికొచ్చింది, తర్వాత ఆగింది. తమ్ముడు మొహం దగ్గరగా పెట్టి చూస్తూనే ఉన్నాడు. ఎక్సలేటర్ ఇచ్చాను. బుడగల్లేవు. పైపు మెత్తగా ఉంది. బషీరాబాద్ దాకా పోయొచ్చాం, ముల్లు సగం దగ్గరే నిలబడింది. నేను మాత్రం ఇంకా నెల దాకా దాన్ని నమ్మలేదు.

మర్నాడు షెడ్డుకు పోతే తాళం వేసి ఉంది. తమ్ముడు బొంరాస్‌పేట బస్సెక్కాడని వాడి పెళ్లాం చెప్పింది. సాయంత్రం వాడు వచ్చేసరికి గేటు దగ్గరే పట్టుకున్నాను.

"చెప్పినవా?"

"చెప్పిన. హెడ్డు సక్కగ లేదు, విప్పి మిషన్ మీద పెట్టి మళ్ల బిగిస్త, నువ్వేమియ్యకు అన్న."

"ఏమన్నడు?"

"మంచిగ నడిచే ట్రాక్టర్‌ను ఎందుకు విప్పుతవు, ఏం మతలబు ఉన్నది అన్నడు. ముట్టనియ్యలే."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వాడి బుద్ధిని, వాడి పుట్టుకను, అంటే నా పుట్టుకను కూడా తిట్టాను. నేను భయపడ్డదే జరిగింది. ఆ రైతు ఊరుకోలేదు. టీ కొట్టు దగ్గర, అంగట్లో, "నేను చేసింది పాడు పని అని ఆయనే వచ్చి చెప్పిండు" అని నవ్వుకుంటూ చెప్పాడు. అది తాండూరు చేరేసరికి వాడు చేసినవన్నీ పాడే అయ్యాయి. వికారాబాద్ నవ్వు కూడా ఎట్లాగో ఇక్కడికి వచ్చింది. షెడ్డుకు పంక్చర్లు తప్ప ఏమీ రావడం లేదు. చలికాలం మొదలయ్యేసరికి వాడి పెళ్లాం పాలిషింగ్ యూనిట్‌లో కూలికి పోవడం మొదలుపెట్టింది. తమ్ముడు పొద్దంతా ఖాళీగా కూర్చుని, కడిగిన పానాలే మళ్లీ కడిగేవాడు. నేను పిల్లల్ని దింపి వస్తూ రోజూ అక్కడ ఆగేదాన్ని. ఏదో ఒకటి అనేసి, అన్నందుకు బాధపడి, ఇంటికి పోయేదాన్ని. మళ్లీ పట్నం పోతానని వాడు మా ఆయనతో అన్నాడట. నాతో అనలేదు.

కందులు కొట్టే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నేను షెడ్డులోనే ఉన్నాను. రోడ్డు మీద నుంచి ఒక ట్రాక్టర్ ఇంకో ట్రాక్టర్‌ను తాడుతో లాక్కుంటూ గేటు దగ్గర ఆగింది. వెనకదాని మీద కూర్చున్న నడివయసు మనిషి దిగాడు, పంచె మీద కంది పొట్టు. తమ్ముడు లేచి నిలబడిన తీరు చూసి, ఆయనెవరో నాకు చెప్పకుండానే తెలిసింది. గొడవకే వచ్చాడనుకుని నేను ముందుకు నడిచాను. నోటికి మాటలు సిద్ధంగానే ఉన్నాయి.

ఆయన నా వైపు చూడలేదు. తాడు విప్పుకుంటూ, తమ్ముడి వైపు కూడా చూడకుండా అన్నాడు.

"నువ్వన్నట్టే అయింది. నీళ్లు నిలుస్తలేవు. విప్పు."

తమ్ముడు కదల్లేదు. "మీ తాన పెద్ద షెడ్లు ఉన్నయి గద. ఈడిదాక ఎందుకు లాక్కొచ్చినవు?" అన్నాడు. నాకు వాడి నోరు మూద్దామనిపించింది.

"మంచిగ చేస్త అనెటోళ్లు మస్తు మంది ఉన్నరు" అన్నాడాయన. "నేను చేసింది మంచిగ లేదు అని ఇంటిదాక వచ్చి చెప్పినోడు నువ్వొక్కనివే. ఇంకెవని తానికి పోవాలె?"

నేను టీ తెస్తానని రోడ్డు మీదికి పోయి, కొట్టు వెనక నిలబడి ఏడ్చాను. తిరిగొచ్చేసరికి వాడు ట్రాక్టర్ ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. బయటి బోల్టుల నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా వదులు చేస్తున్నాడు. రైతు పక్కన నిలబడి, తొందరేమీ లేనట్టు చూస్తున్నాడు.